మాయమైపోయారట!

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం చూడబోయే వాళ్ళకోసం వేసే రంగురంగుల కరపత్రాలు తిరగేసినా, చూసొచ్చిన మనవాళ్ళ యాత్రా వ్యాసాలు చదివినా ఒక మాట తప్పకుండా తగులుతుంది. అక్కడి కొండగూళ్ళలో కాపురాలు చేసిన జనం ఏడొందల ఏళ్ళ కిందట అంతు తెలియకుండా మాయమైపోయారట! ఈ మాటతోనే నాకు పేచీ.

మిగతా విషయాల్లో ఆ రాతలకి వంకపెట్టను. రాకీ పర్వతాలని ఎంత పొగిడినా చెల్లుతుంది. ట్రైల్ రిడ్జ్ రోడ్డు మీద 12,183 అడుగుల ఎత్తుకి కారులోనే వెళ్ళిపోవచ్చు. చెట్లు ఎక్కడో కిందే ఆగిపోతాయి. పైన గడ్డీ, గాలీ, ఆకాశమూ అంతే. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం. చలికాలంలో ఆ రోడ్డు మూసేస్తారు గనక, కూతుళ్ళ పురుళ్ళకని డిసెంబరులో వెళ్ళే తల్లులకి ఆ యోగం లేదు. అక్కడ నేను అరగంటసేపు నోరు మెదపలేదని డెన్వరులో ఉన్న మా చెల్లెలూ, మరిదీ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

మెసా వెర్డె సంగతి వేరు. డెన్వరు నించి నైరుతి మూలకి సుమారు నాలుగొందల మైళ్ళు. స్పానిష్ భాషలో ఆ పేరుకి ‘పచ్చని బల్ల’ అని అర్థం. ఆ బల్లపరుపు కొండ అంచున నిలబడి లోయలోకి చూస్తే, రాతి చూరు కింద ఊరికి ఊరే కనబడుతుంది. క్లిఫ్ పాలెస్ అని పేరేగాని అది రాజులుండే కోట కాదు, సంసారుల ఇళ్ళు. నూటయాభై దాకా గదులు, నేలలోకి దిగి ఉన్న గుండ్రటి గదులు మరో ఇరవై పైచిలుకు. పార్కు ఉద్యోగులు వెంట ఉంటేనే లోపలికి పోనిస్తారు. నిచ్చెనలు ఎక్కాలి కాబట్టి చీరలో వెళ్ళకండి, చెప్పొద్దూ, నా అవస్థ నాకే తెలుసు.

ఆ జనం మొక్కజొన్నలు నూరుకున్న రాళ్ళున్నాయి. పల్లంగా అరిగిన బండ, దానిమీద రెండు చేతులతో ముందుకీ వెనక్కీ తోసే రాయి. అచ్చం మన సన్నికల్లే! ఎందరు అత్తలూ కోడళ్ళూ మోకాళ్ళమీద కూచుని నూరితే బండ అంత లోతుగా అరిగుంటుంది? అవి చూశాక ‘మాయమయ్యారు’ అనే మాట నాకు మింగుడు పడలేదు.

పోనీ, అంత అంతుపట్టని సంగతా అంటే అదీ కాదు. పదమూడో శతాబ్దం చివర అక్కడ ఇరవై ఏళ్ళకి పైగా కరువు. పాత దూలాల్లోని వలయాలు లెక్కపెట్టి శాస్త్రజ్ఞులు ఆ విషయం తేల్చారు. పంటలు పోయాయి, కొట్లాటలు పెరిగాయి. మూటాముల్లె సర్దుకుని దక్షిణాదికి, ఇప్పటి న్యూమెక్సికో, ఆరిజోనాల వైపు వెళ్ళిపోయారు. హోపీలు, జూనీలు, ఆకొమావాళ్ళు వాళ్ళ సంతానమే. కరువుకి పాలమూరు నించి వలసపోయిన కుటుంబాన్ని మనం మాయమైందంటామా?

‘కనిపెట్టారు’ అన్న మాట కూడా ఇలాంటిదే. 1888లో పశువుల్ని వెతుక్కుంటూ వచ్చిన వెదరిల్ అనే ఆయన క్లిఫ్ పాలెస్‌ని కనిపెట్టాడని రాస్తారు. ఆ చుట్టుపట్ల ఉండే యూట్ తెగవాళ్ళకి ఆ ఊళ్ళు అంతకు ముందే తెలుసు.

కరపత్రాలని అని ఏం లాభం, గొప్ప నవలలే ఈ దారి పట్టాయి. విల్లా కేథర్ 1915లో మెసా వెర్డె చూసింది. 1925లో వచ్చిన ‘ది ప్రొఫెసర్స్ హౌస్’ నవలలో ఆ కొండకి బ్లూ మేసా అని పేరు మార్చి, టామ్ అవుట్‌లాండ్ అనే కుర్రాడి కథగా చెప్పింది. ఆ నిశ్శబ్దాన్ని ఆవిడ చూపించినట్టు మరెవరూ చూపించలేదు, నవలలు రాసేదాన్ని గనక కాస్త అసూయ కూడా పడ్డాను. టామ్ స్నేహితుడు అక్కడి వస్తువులన్నీ విదేశీయుడికి అమ్మేస్తాడు. టామ్ మండిపడతాడు, ఇవి దేశం సొత్తని. న్యాయమైన కోపమే. కానీ ఆ కుండలు చేసినవాళ్ళ మనవలెక్కడున్నారన్న ఆలోచన అతనికి రాదు, రచయిత్రీ రానివ్వదు. ఆ జాతి నశించిపోయి ఉంటుందని పాదిరీ చేత అనిపించి ఊరుకుంది. నవలకి అదే లోటు. చనిపోయినవాళ్ళమీద అంత ప్రేమ కురిపించిన కలం, బతికున్నవాళ్ళ వైపు తిరగలేదు.

నిజంగానూ ఇలాంటిదే జరిగింది. 1891లో నోర్డెన్‌షోల్డ్ అనే స్వీడన్ యువకుడు అక్కడ తవ్వి, వస్తువులతోపాటు అస్థికలు కూడా పట్టుకెళ్ళాడు. డురాంగోలో అరెస్టు చేశారు గానీ, తప్పని చెప్పే చట్టమే లేదని వదిలేశారు. అవన్నీ చివరికి ఫిన్లాండు జాతీయ మ్యూజియానికి చేరాయి. 2020లో ఆ దేశం ఇరవై మంది అస్థికల్నీ, వాళ్ళతో పాతిపెట్టిన 28 వస్తువుల్నీ తిరిగిచ్చింది. హోపీ, జూనీ, ఆకొమా, జియా తెగలవాళ్ళు వాటిని మెసా వెర్డె మట్టిలోనే మళ్ళీ పాతిపెట్టారు. మాయమైనవాళ్ళు తమ పెద్దల అస్థికలకోసం వస్తారా?

ఇంకో సంగతీ మన వ్యాసాల్లో కనబడదు. ఆ ఇళ్ళని దోపిడీ నించి కాపాడాలని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి, చందాలు పోగుచేసి, ప్రభుత్వం వెంటపడినవాళ్ళు ఆడవాళ్ళు. వర్జీనియా మెక్‌క్లర్గ్, లూసీ పీబడీ వాళ్ళలో ముఖ్యులు. చివర్లో ఇద్దరికీ చెడింది. తమ మహిళా సంఘం చేతిలో ఉండే రాష్ట్ర పార్కు కావాలని మెక్‌క్లర్గ్ పట్టు, జాతీయ పార్కే కావాలని పీబడీ పట్టు. 1906లో పీబడీ మాటే నెగ్గింది.

అన్నట్టు, కొలరాడో స్ప్రింగ్స్ పక్కన మానిటూలోనూ కొండగూళ్ళున్నాయి. డెన్వరుకి దగ్గరని చాలామంది అవి చూసి సరిపెట్టుకుంటారు. అవి వేరేచోటి రాళ్ళు తెచ్చి పేర్చి 1907లో జనానికి తెరిచినవి. అల్లుడు మిమ్మల్ని అక్కడికి తీసికెళ్ళి ఇదేనత్తయ్యా అంటే నమ్మకండి. అసలువాటికి ఇంకా ఏడెనిమిది గంటల ప్రయాణం ఉంది, క్లిఫ్ పాలెస్ టిక్కెట్లు కూడా ముందే తీసుకోమనండి.