గుంటూరు సర్కారు – ఒక కూటమి కథ: చరిత్రకారుల తీర్పుపై విమర్శ

గుంటూరు సీమ చరిత్రకు ఆధారంగా తరచు పేర్కొనే గ్రంథాలు రెండు. గోర్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఒకటి. ఆనాడు గుంటూరు ఆ జిల్లాలోనిదే. రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన ‘గుంటూరు జిల్లా 1788–1848’ రెండవది. మొదటిది పాలనావసరం కొరకు ఒక అధికారి వ్రాసినది. రెండవది నిశితమైన పరిశోధన. స్థానికుల పలుకుబడి ముందు కంపెనీ కేంద్రాధికారం ఎట్లు నీరుగారిపోయిందో అది చక్కగా నిరూపించింది. అయితే అది 1788తో మొదలవుతుంది. ఒక సీమ కథ కంపెనీ చేతికి చిక్కిన నాటినుండే ప్రారంభమైతే, ఎట్లు చిక్కినదన్న ప్రశ్న వెనుకబడుతుంది. అసలు పాఠం ఆ ప్రశ్నలోనే ఉన్నది.

కృష్ణానదికి, గుండ్లకమ్మకు నడుమనున్న ఈ నల్లరేగడి సీమను దస్త్రాలలో ముర్తజానగర్ సర్కారు అనేవారు. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను కంపెనీకి అప్పగించినప్పుడు, గుంటూరును మాత్రం తన సోదరుడు బసాలత్ జంగ్‌కు జీవితాంతం ఉండేటట్లు మినహాయించాడు. ఆదోనిలో ఉండే బసాలత్ జంగ్ ఫ్రెంచి సైనికులను కొలువులో పెట్టుకున్నాడు. వారికి మనుషులు, మందుగుండు మోటుపల్లి రేవు గుండా చేరేవి. మద్రాసు కౌన్సిలుకు ఇది కంటగింపయింది. 1779లో నిజాంను సంప్రదించకుండానే బసాలత్ జంగ్‌తో ఒడంబడిక చేసుకొని, ఫ్రెంచివారిని తొలగింపజేసి, గుంటూరును కౌలుకు తీసుకున్నది. వెంటనే ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీకి మారుకౌలు కిచ్చింది. గుండ్లకమ్మకు దక్షిణాన ఒంగోలు సీమ అప్పటికే నవాబుది. అంటే హైదర్ అలీకి బద్ధవిరోధియైన వాని పలుకుబడి కృష్ణ ఒడ్డు దాకా విస్తరించినదన్నమాట.

ఫలితంగా 1780 నాటికి పెద్ద కూటమి ఏర్పడింది. రఘునాథరావు వ్యవహారంలో కంపెనీతో పోరాడుతున్న పూనా దర్బారు, మాహే పతనంతోను గుంటూరు కౌలుతోను మండిపడిన హైదర్ అలీ, తన హక్కు కాలరాచబడినదని భావించిన నిజాం అలీ, వీరికి తోడు నాగపూరు భోంస్లే. విస్తరణలో ఇంతటి కూటమి ఆ శతాబ్దంలో కంపెనీకి ఎదురుకాలేదనవచ్చు. కాని వారన్ హేస్టింగ్స్ దానిని ముక్కముక్కగా విడదీశాడు. గుంటూరును తిరిగి ఇవ్వవలసినదని మద్రాసును ఆదేశించి నిజాంను చల్లబరచాడు, భోంస్లేకు ధనమిచ్చాడు, 1782లో సాల్బాయి సంధితో మరాఠాలను తప్పించాడు. మిగిలినది మైసూరు ఒక్కటే.

మన సభలలో, వ్యాసాలలో ఈ ఘట్టంపై వినవచ్చే తీర్పు ఒక్కటే: నిజాం ద్రోహి, హైదర్ వీరుడు. ఈ తీర్పు మనసుకు ఊరట నిస్తుందేగాని, విషయాన్ని వివరించదు. సాల్బాయిలో హైదర్‌ను విడిచిన మరాఠాల నేమనాలి? హైదర్ సైతం ఫ్రెంచి నౌకాదళంపై ఆశ పెట్టుకున్నవాడే కదా! లోపం ఒక వ్యక్తి గుణంలో కాదు, కూటమి కట్టడంలోనే ఉన్నది. అది సమాన బాధ్యతపై గాక, వేర్వేరు ఫిర్యాదులపై నిలిచింది. ఫిర్యాదు తీరినవానికి కూటమితో పనిలేదు. సభ్యుల సంఖ్య పెరిగిన కొద్దీ బలం పెరుగలేదు. శత్రువు బేరమాడగల తలుపులు పెరిగాయి.

అట్లని నిజాంను నిర్దోషిగా విడిచిపెట్టనక్కరలేదు. ఒడంబడికలను నెరవేర్చవలెనన్న ఆజ్ఞతోనే మాయిదా సూరా ఆరంభమవుతుంది. అవతలి పక్షం నుండి ద్రోహం శంకించినప్పుడైనా, ఒప్పందాన్ని బహిరంగంగా త్రోసివేయవలెనేగాని లోలోపల తప్పుకొనరాదని అన్‌ఫాల్ సూరా బోధిస్తుంది. ఇమామ్ ముహమ్మద్ షైబానీ సియర్ శాస్త్రాన్ని ఈ పునాదిపైనే విస్తరించారు. ఈ కొలబద్దతో చూస్తే, నిజాం తప్పు తోటి ముస్లిం పాలకుని విడువడం మాత్రమే కాదు. మాటలో కూటమిలో ఉంటూనే చేతలలో కదలకుండుట. ఆ మాట ఇచ్చినది హైదర్‌కేగాక పూనాకు కూడా. మతం మారినంతమాత్రాన వాగ్దానపు బరువు మారదు. నిజాం ఎదుట కంపెనీ చేసిన 1779 ఒడంబడిక సైతం ఇదే కొలబద్దపై దోషమే.

1782లో బసాలత్ జంగ్ మరణించాడు. నిజాం గుంటూరును ఆరేండ్లు నిలుపుకొనగలిగాడు; 1788లో కంపెనీ ఒత్తిడితో అప్పగించక తప్పలేదు. 1790లో అదే కంపెనీతో కలిసి టిప్పూపై యుద్ధానికి దిగాడు. ఆ యుద్ధాలలో లభించిన సీమలను సైతం, తన కొలువులో ఉంచిన కంపెనీ సేన ఖర్చు క్రింద 1800లో వారికే వదలుకొన్నాడు. ఒక సర్కారు తిరిగి వచ్చినదని కూటమిని వదలినవానికి చివరకు ఆ సర్కారూ దక్కలేదు.

ఈ బేరాలన్నింటిలో ఒక్కసారైనా పేరు రానివారు ఆ నేలను దున్నిన రైతులు. కౌలు, మారుకౌలు, వాపసు, అప్పగింత – ఏ పత్రంపైనా వారి సమ్మతి ప్రసక్తి లేదు. గ్రామంలోని పలుకుబడి ఏ ప్రభుత్వానికీ ఎందుకు లొంగలేదో ఫ్రైకెన్‌బర్గ్ వర్ణించాడు. కాని ప్రభుత్వమన్నది చేతులు మారే సరుకని ఆ గ్రామాలు 1788కి ముందే నేర్చుకున్నాయి. ఈ సంగతి కలుపుకొని చదివినప్పుడే ఆ మంచి గ్రంథం పూర్తి అర్థాన్నిస్తుంది.