చంద్రగిరి రాజమహల్: తాతకు మనవడి పేరు

తిరుపతికి దగ్గరలోని చంద్రగిరి కోటను మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడి రాజమహల్‌ను పరిచయం చేసే కరపత్రాల్లో తరచుగా ‘ఇండో-సారసెనిక్ శైలి’ అన్న మాట కనిపిస్తుంది. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ పరీక్షలో అదే రాశాను, మార్కులూ వచ్చాయి. ఆ సమాధానం సరైనది కాదని ఇప్పుడు నా అభిప్రాయం.

ముందుగా కాలాన్ని గమనించండి. ఇండో-సారసెనిక్ అనేది బ్రిటిష్ పాలనలో, 19వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చిన పేరు. మద్రాసు హైకోర్టు (1892), 1897 అగ్నిప్రమాదం తర్వాత హెన్రీ ఇర్విన్ రూపకల్పనతో లేచి 1912లో పూర్తయిన మైసూరు రాజభవనం ఆ శైలికి ఉదాహరణలు. రాజమహల్ వీటికంటే ఎంతో ముందుది. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, ఆపై చంద్రగిరికి మారింది. ఆ ఆరవీటి రాజుల కాలపు కట్టడంగానే రాజమహల్‌ను సాధారణంగా పరిగణిస్తారు. మనవడికి తాత పేరు పెట్టడం మన ఆచారం. ఇక్కడ తాతకే మనవడి పేరు పెట్టారు!

ఇక భవనాన్ని చూద్దాం. మూడంతస్తుల ముఖభాగం నిండా మొనదేలిన కమానులు, పైకప్పు మీద గుడి విమానాలను తలపించే శిఖరాలు. ఈ రెంటినీ చూసి ‘హిందూ, ముస్లిం శైలుల మిశ్రమం’ అని తేల్చేయడం సులభం. కానీ ఆ మాట అసలు ప్రశ్నను దాటవేస్తుంది. అదే రాజులు కట్టించిన ఆలయాల్లో ఈ మిశ్రమం ఎందుకు లేదు? గర్భగుడిలోనూ మండపంలోనూ స్తంభం మీద దూలం నిలిపే పాత పద్ధతే సాగింది. కమాను దాదాపు కనిపించదు. హంపీలో కూడా అంతే. లోటస్ మహల్‌లో కమానులు, గజశాల మీద గుమ్మటాలు ఉన్నాయి. విఠలాలయ మండపాల్లో అవి లేవు. అంటే దేవుడి ఇంటికి ఒక భాష, రాజు ఇంటికి ఒక భాష. సుల్తానుల కమాను ఇక్కడ మతచిహ్నంగా రాలేదు, రాచమర్యాదగా వచ్చింది. తిరుమల ఆలయంలోని కృష్ణదేవరాయల విగ్రహం తలపై ఉన్న పొడవాటి కుళ్లాయిని గుర్తు చేసుకోండి. అది కూడా కొలువు వేషమే. విజయనగర రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు ధరించారు. సురత్రాణ అంటే సుల్తానే.

ఒక జాగ్రత్త కూడా అవసరం. రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో, కలప లేకుండా కట్టారు. అందుకే నిలిచింది. హంపీ రాజప్రాసాదాల పైభాగాలు కలపతో కట్టినవి కావడంతో నేడు రాతి అధిష్ఠానాలే మిగిలాయి. కాబట్టి మిగిలినదాన్ని బట్టి మొత్తం రాజభవన నిర్మాణాన్ని ఊహించేటప్పుడు తొందరపడకూడదు.

రాజమహల్ ఇప్పుడు పురావస్తు ప్రదర్శనశాల. దానివల్ల భవనానికి రక్షణ దొరికిన మాట నిజమే. కానీ సందర్శకుల కళ్ళు విగ్రహాల మీదే ఉంటాయి, తల ఎత్తి కప్పు చూసేవారు తక్కువ. మీరు వెళ్ళినప్పుడు విగ్రహాల సంగతి కాసేపు పక్కన పెట్టండి. సభామందిరంలో నిలబడి, దూలం లేకుండా ఆ బరువు కమానుల మీదుగా గోడల్లోకి ఎలా దిగుతోందో చూడండి. తర్వాత బయటికి వచ్చి, పక్కనే ఉన్న రెండంతస్తుల రాణీమహల్‌తో పోల్చి చూడండి.