కారు రేడియో భాష: గుణదోష విచారణ

కారులోని రేడియోకు కొత్త పాటల పరికరమును కలుపుట తీగలు ముడివేసినంత తేలిక కాదు. రేడియో ముందుగా ఒక ప్రశ్న వేయును. సరియైన సమాధానము రానిచో ఆ పరికరపు ధ్వనిని అది స్వీకరింపదు. ఆ ప్రశ్నోత్తరముల భాషను తయారీదారు వెల్లడింపనప్పుడు, తీగపై పోవు సంకేతములను విని, వ్రాసికొని, అర్థమూహించి, పరీక్షించి తెలిసికొనవలెను. 1990 దశకములో బి. ఎం. డబ్ల్యు. కార్లలో వాడిన 'ఐ-బస్' అను పద్ధతి ఔత్సాహికులకు ఇట్లే తెలిసినది. దాని గుణదోషములు విచారింపదగినవి.

మొదటి గుణము పొదుపు. ఒకే తీగపై సెకనుకు 9,600 బిట్లు పోవును. ఒక్కొక్క బైటుకు 8 బిట్లు గాక ఆరంభమునకు, సరి-బేసి పరీక్షకు, ముగింపునకు ఒక్కొక్కటి చేరి 11 అగును. రేడియో సీడీ ఛేంజరును పలుకరించు వాక్యమిది: 68 03 18 01 72. ఇవి 16 ఆధారముగా వ్రాసిన సంఖ్యలు. 68 పలుకు సాధనము, అనగా రేడియో. 03 ఇంకను రావలసిన బైట్ల లెక్క. 18 వినవలసిన ఛేంజరు. 01 'ఉన్నావా?' అను ప్రశ్న. 72 తప్పులను పట్టు బైటు. మొత్తము 55 బిట్లు. 6 మిల్లీసెకనులలోపే ముగియును.

రెండవ గుణము ఆజ్ఞలను, ధ్వనిని వేరుచేయుట. సీడీ ధ్వనికి సెకనుకు 14,11,200 బిట్లు కావలెను. అది ఈ తీగ సామర్థ్యమునకు 147 రెట్లు. కనుక ధ్వని వేరే తీగలపై పోవును. అందుచేతనే ఒక చిన్న మైక్రోకంట్రోలరు ఛేంజరువలె బదులు చెప్పి, మరొక పరికరపు పాటను రేడియోకు అందింపగలుగుచున్నది.

ఇక దోషములు. మొదటి నాలుగు బైట్లను ద్విసంఖ్యామానములో ఒకదానిక్రింద నొకటి వ్రాసి, ప్రతి నిలువు వరుసలో 1లు బేసియైనచో 1, సరియైనచో 0 వేసినచో 72 వచ్చును. విద్యార్థులు చేసి చూడవచ్చును. ఒక బిట్టు మారినచో ఇది పట్టును. కాని రెండు బైట్లు స్థానములు మార్చుకొన్నచో ఫలితము మారదు, తప్పు దాగిపోవును.

అంతకంటె పెద్ద దోషము, చిరునామాకు సాక్ష్యము లేకపోవుట. 'నేను 18' అన్న దానినెల్ల రేడియో నమ్మును. కొన్ని నమూనాలలో స్టీరింగు చక్రముపై మీటలు, దీపములను నడుపు సాధనము కూడ ఈ తీగపైననే ఉన్నవి. తెలియక పంపిన వాక్యము పాటతో ఆగకపోవచ్చును.

అందువలన రహస్యమే రక్షణయని కొందరు వాదింతురు. ఈ వాదము నిలువదు. తీగను వినగలవానికి రహస్యము మిగులదు. చెడిన ఛేంజరుకు బదులు వేరొకటి అమర్చుకొనదలచిన యజమానికి, మరమ్మతు చేయువానికి మాత్రము శ్రమ మిగులును. ఏ వాక్యము దీపములకు తగులునో తెలియని వానివలననే ప్రమాదము ఎక్కువ.

బాష్ సంస్థ 1986లో ప్రకటించిన 'క్యాన్' పద్ధతి 1993లో అంతర్జాతీయ ప్రమాణమైనది. అయినను అందు వెల్లడియైనది వాక్యనిర్మాణమే. వాక్యముల అర్థమును నిర్ణయించునది ఆయా తయారీదారులే. వ్యాకరణమిచ్చి నిఘంటువును దాచినట్లే అయినది. ఐ-బస్ రెండును దాచినది. చక్కని భాషయే, దానిని కొన్నవానికి నేర్పకపోవుటయే లోపము.