గిత్త వచ్చాడు, అమ్మాయి వచ్చింది

ఫుట్‌బాల్ అభిమానులు పాడుకునే పాటల్లో ఆడవాళ్ళెలా ఉంటారు, మగవాళ్ళెలా ఉంటారు అన్న చర్చ ఎక్కడ విన్నా, నా మనసు చిలకలూరిపేట దగ్గర మా అమ్మమ్మ ఊరికే పోతుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మాకు తెలిసిన మైదానాలు సంక్రాంతి బండలాగుడు బరి, కబడ్డీ కోర్టు. అక్కడ పాటలుండవు, కేకలుంటాయి. వాటిని సాహిత్యమని ఎవరూ అనరు. డాక్టరేటు చేసిన నేనూ చాలాకాలం అనుకోలేదు.

బండలాగుడులో గిత్తల్ని పళ్ళని బట్టి విడదీస్తారు: రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. ఇచ్చిన సమయంలో బండని ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. మైకులో యజమాని పేరు మోగుతుంది. ఉలవలు ఉడికించి పెట్టిన ఆడవాళ్ళ పేరు నేనెన్నడూ వినలేదు. అది పాత సంగతేలెండి. కిందటి సంక్రాంతికి నన్ను పట్టుకున్నది ఒక క్రియాపదం. నా పక్కనున్న కుర్రాడు ‘వచ్చాడ్రా, వచ్చాడు!’ అని అరిచాడు. తోలేవాణ్ణి అనుకున్నాను. కాదు, వలపటి గిత్తని.

ఎద్దు ‘వచ్చింది’ అనాలి కదా. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: పురుషుడు మహత్తు, పశువులూ వస్తువులూ అమహత్తు. స్త్రీ మాత్రం ఏకవచనంలో అమహత్తుతో పాటు, బహువచనంలో మహత్తుతో పాటు. ఎం.ఏ.లో ఈ సూత్రాన్ని మార్కుల కోసం బట్టీపట్టాను. అప్పుడు కోపం కూడా రాలేదు.

ఆ సాయంత్రమే కబడ్డీ. ముందు మగపిల్లల ఆట. పట్టు వదిలేసిన ఒకణ్ణి ‘గాజులు తొడుక్కోరా’ అని ఎగతాళి చేశారు. వింటున్న ఆడవాళ్ళు వారమంతా మిరపకోతలకి పోయి, కల్లంలో తాలుకాయలు ఏరి, చేతులు మంటలెత్తి ఉన్నవాళ్ళు. గాజులున్నది ఆ చేతులకే. ఒప్పుకోవాలి, హైస్కూల్లో మా తమ్ముడి జట్టు ఓడిపోతుంటే ఈ మాటే నేనూ అరిచాను. నా చేతులనిండా గాజులు.

తర్వాత ఆడపిల్లలు గాజులు తీసి అమ్మల చేతికిచ్చి దిగారు. ఒకమ్మాయి కూతకెళ్ళి ముగ్గుర్ని తాకి వచ్చింది. ‘మగాడిలా ఆడిందిరా!’ అన్నారు. మెచ్చుకోలే. అయినా క్రియ ‘ఆడింది’ దగ్గరే ఆగింది. ఎద్దుకి దొరికిన ప్రమోషన్ ఆ పిల్లకి దొరకలేదు. నాకు ‘ఆడాడు’ అక్కర్లేదు. ‘గారు’ చేరిస్తే ‘ఆడారు’ అవుతుందిగా అంటారు కొందరు. కబడ్డీ కోర్టులో గారు ఎవరంటారు?

ఇంగ్లండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ 1921లో తన మైదానాల్లో ఆడవాళ్ళ ఆటనే నిషేధించింది. అది తొలగడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. మనకి అలాంటి నిషేధం లేదు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఆడవాళ్ళు కబడ్డీ స్వర్ణం కూడా తెచ్చారు. వాళ్ళ కోసం అరవడానికి మాటే లేదు.

ఆట ముగిశాక ‘గెలిచారు, గెలిచారు’ అంటూ చిన్నపిల్లలు పరిగెత్తారు. ఏడుగురు కాబట్టి బహువచనం. బహుమతులప్పుడు మైకులో ఒక్కొక్కరినీ పిలిచారు, ఫలానా వారి అమ్మాయి అని, తండ్రి పేరుతో.