సముద్రం లేచిందా, నేల కుంగిందా?

తరగతి గదిలో ఆలోచనను ఎలా పెంచాలో టీచర్లకు నేర్పే శిక్షణలు చాలా చూశాను. రిసోర్స్ పర్సన్ స్లైడ్లు వేస్తారు, ఆలోచనకు ఎన్ని మెట్లున్నాయో చదువుతారు, టీచర్లు నోట్సు రాసుకుంటారు. సాయంత్రం దాకా ఒక్కరు కూడా లేచి "అలా అని మీకెలా తెలుసు సార్?" అని అడగరు. అడిగే వాతావరణం అక్కడ ఉండదు మరి. ప్రశ్న అడగకుండా రోజంతా కూర్చున్న టీచరు, మర్నాడు తన పిల్లల చేత ప్రశ్నలు ఎలా అడిగించగలరు?

అందుకే దక్షిణ అండమాన్‌లోని ఫెరార్‌గంజ్ చుట్టుపక్కల బడుల టీచర్లతో కూర్చున్నప్పుడు నేను నిర్వచనాల జోలికి వెళ్ళను. పాత ఇరవై రూపాయల నోటు బల్ల మీద పెడతాను. దాని వెనక ఉన్న కొబ్బరిచెట్ల బొమ్మ మౌంట్ హ్యారియట్ మీంచి కనబడే నార్త్ బే దృశ్యమని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2021లో ఆ కొండ పేరు మౌంట్ మణిపూర్ అయింది, దృశ్యం మాత్రం అదే. "సరే, అదే చోటని నాకు రుజువు చెయ్యండి" అంటాను. మొదట నవ్వుతారు. అందరూ అంటారుగా అని ఒకరు, గైడు చెప్పాడని ఒకరు. కాసేపటికి ఎవరో నోటు చేతిలోకి తీసుకుని తీరం వంపు చూస్తారు, లైట్‌హౌస్ ఏ పక్కన ఉందో చూస్తారు. కొండ మీద ఎక్కడ నిలబడితే చెట్లు ఇలా అడ్డం వస్తాయో లెక్కేస్తారు. "అందరూ అంటారు" దగ్గర మొదలైన మాట "ఇదిగో, దీన్నిబట్టి" దగ్గరికి చేరుతుంది. నేను నేర్పాలనుకున్నది ఆ కొద్ది దూరమే.

తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి వండూరు వెళ్ళే దారిలో సిప్పీఘాట్ దగ్గర ఒకప్పుడు వరి పండిన పొలాల్లో ఇవాళ ఉప్పునీరు నిలబడి ఉంటుంది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత వచ్చిన మార్పు అది. సముద్రం లేచిందా, నేల కుంగిందా?

పిల్లలు చెప్పే జవాబులే టీచర్లూ చెబుతారు. సునామీ అల తెచ్చిన నీళ్ళు అలాగే ఉండిపోయాయని మొదటి మాట. అయితే పాటుకూ పోటుకూ ఆ నీళ్ళు ఎందుకు దిగి, మళ్ళీ ఎక్కుతున్నాయి? మిగిలిపోయిన నీళ్ళయితే ఎప్పుడో తీసిపోయి ఉండాలి కదా! ఆ జవాబు అక్కడ ఆగుతుంది. భూమి వేడెక్కి, మంచు కరిగి సముద్రం పెరిగిందని రెండో మాట. పుస్తకంలో ఉన్న మాటే కాబట్టి దీన్ని గట్టిగా పట్టుకుంటారు. ప్రపంచ సగటున సముద్రమట్టం ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోంది. ఇక్కడ వచ్చిన తేడా సుమారు ఒక మీటరు. నల్లబల్ల మీద భాగహారం చేస్తే రెండున్నర వందల ఏళ్ళకు పైనే పడుతుంది. మరి ఇది ఒక్క రోజులో జరిగిందే?

ఇక్కడ నేను ఇంకో వాస్తవం మాత్రం అందిస్తాను. అదే రోజున ఉత్తర అండమాన్ తీరంలో, ఇంటర్‌వ్యూ ద్వీపం వైపు, పగడపు దిబ్బలు నీళ్ళలోంచి పైకి తేలి ఎండి చచ్చిపోయాయి. సముద్రమే లేచి ఉంటే అక్కడ కూడా నీరు ఎక్కాలి కదా. గదిలో చప్పుడు ఆగిపోతుంది. తర్వాత ఎవరో నెమ్మదిగా, "అంటే ఒక వైపు నేల లేచింది, మన వైపు కుంగింది" అంటారు. భారత ఫలకం మన దీవుల కిందికి దూరుతుందన్న పాఠం అప్పుడు తెరవాలి. ముందే తెరిస్తే అది బిట్టుకు జవాబవుతుంది, అంతే.

ఈ మొత్తంలో టీచరుకు అన్నిటికన్నా కష్టమైన పని నోరు మూసుకోవడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతుల్ని రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. వినడానికి తేలికే. నలభై మంది చూస్తుండగా, సిలబస్ వెనకబడి ఉండగా, జవాబు నాలుక చివర ఉండగా మూడు సెకన్లు ఆగి చూడండి. దీన్ని శిక్షణలో మళ్ళీ మళ్ళీ సాధన చేయించాలి. స్లైడు మీద రాసి చూపిస్తే రాదు.

ఫెరార్‌గంజ్ లాంటి పలు భాషల చోట ఈ ఆగడం మరీ అవసరం. 1923లో చీఫ్ కమిషనర్‌గా వచ్చిన ఫెరార్ పేరు మీద ఏర్పడిన ఊరు ఇది. దక్షిణ అండమాన్‌లోనే మలబారు నుంచి పంపిన మాప్పిళ్ళ ముస్లింలు తమ పల్లెలకు కాలికట్, మలప్పురం, తిరూర్ అని పేర్లు పెట్టుకున్నారు. బెంగాలీలు, రాంచీవాళ్ళు, తమిళులు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు, అందరి పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. 2011 జనగణన ప్రకారం ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు అయిన పిల్ల జవాబు ఆలోచించుకోవాలి, దాన్ని ఇంకో భాషలోకి తెచ్చుకోవాలి కూడా. ఆ పిల్లకు మూడు సెకన్లు కూడా చాలవు. ముందు ఇంటి మాటలో వాదించుకోనివ్వండి అని టీచర్లను బతిమాలుతుంటాను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని తానే ఆ భాష నేర్చుకుని బడులు పెట్టారు. శ్రీకాకుళం మూలాలున్న టీచర్లకు ఆయన పేరు గుర్తు చేస్తే చాలు, ఇంకేం చెప్పనక్కర్లేదు.

ఇలాంటి శిక్షణ మన దేశానికి కొత్తేమీ కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో పదహారు బడులతో మొదలైన విజ్ఞానశాస్త్ర కార్యక్రమంలో టీచర్లు ముందు ప్రతి ప్రయోగం తామే చేసేవారు, ఫలితం మీద తామే వాదించుకునేవారు. పిల్లలకు పరీక్ష కూడా పుస్తకం తెరిచి రాసేదే. ముప్పై ఏళ్ళు నడిచాక 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఇక 2019లో కేంద్రం తెచ్చిన నిష్ఠా టీచర్ల శిక్షణ లక్ష్యం 42 లక్షల మంది టీచర్లు. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి 50 గంటల శిక్షణ అంటోంది. అంకెలు పెద్దవే. కానీ ఢిల్లీలో తయారైన మాట రాష్ట్రానికి, జిల్లాకు, బడికి దిగేసరికి కాలువ చివరి చేనుకు చేరిన నీరంత అవుతుంది. ఆ 50 గంటల్లో సగమైనా టీచర్లు తమ ఊరి ప్రశ్న మీద తాము వాదించుకోవడానికి వదిలిపెట్టాలని నా గట్టి కోరిక.

అయితే ప్రశ్నలకు తలుపు తీశాక ఏ ప్రశ్న వస్తుందో మన చేతిలో ఉండదు. ఇక్కడి పిల్లలకు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు తెలుసు. అక్కడి నుంచి బస్సులు కాన్వాయ్‌గా జారవా ఆదివాసుల అడవిలోంచి వెళతాయి. వాళ్ళ రిజర్వులో ఆ రోడ్డు మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పిందని కూడా కొందరికి తెలుసు. "మరి బస్సులు ఎందుకు తిరుగుతున్నాయి మాస్టారూ? అది వాళ్ళ అడవి కదా? రోడ్డు మూసేస్తే అవతల మాయాబందర్‌లో మా మావయ్యకు జబ్బు చేస్తే ఎలా?" సిప్పీఘాట్ ప్రశ్నకు చివర్న ఒక జవాబుంది. దీనికి లేదు. చాలామంది టీచర్లు ఇక్కడ భయపడి పాఠంలోకి వెళ్ళిపోతారు, వాళ్ళను నేను తప్పు పట్టను. వచ్చే శిక్షణలో మొదటి పూట ఈ ప్రశ్నతోనే మొదలుపెడదామని అడిగాను. ఒక సీనియర్ టీచరమ్మ, రోడ్డు మూయాలనే పక్షాన తాను మాట్లాడతానన్నారు. ఆవిడ పుట్టిల్లు మాయాబందర్.