ప్రహేళిక రసానికి అడ్డమా? దినపత్రిక గళ్ళనుడికట్టుపై పూరకుల స్పందన – ఒక పరిశీలన

1. ప్రస్తావన

ప్రహేళికను అలంకారంగా అంగీకరించడానికి విశ్వనాథుడు సిద్ధపడలేదు. అది రసానికి పరిపంథి కాబట్టి అలంకారం కాదనీ, అక్షరాలు తీసివేయడం, చేర్చడం వంటి పనులతో ఏర్పడే ఉక్తివైచిత్ర్యం మాత్రమేననీ సాహిత్యదర్పణంలో నిర్ణయించాడు. అంతకుముందే ఆనందవర్ధనుడు చిత్రాన్ని కావ్యానికి అనుకరణగా లెక్కకట్టాడు. మమ్మటుడు దాన్ని అవరకావ్యమన్నాడు. వ్యాఖ్యానం ఉంటే తప్ప బోధపడని కావ్యం పండితులకు పండుగే గాని అల్పబుద్ధులకు మరణమేనని భామహుడు ఎత్తిపొడిచాడు. తెలుగులో చిత్రకవిత్వ పరిశీలన చాలావరకు ఈ తీర్పుల నీడలోనే సాగింది. బంధాల వర్గీకరణకు, లక్షణ సమన్వయానికి దక్కిన శ్రద్ధ, ముడి విప్పుతున్న పాఠకుడి మనసులో ఏమి జరుగుతుందన్న ప్రశ్నకు దక్కలేదు.

ఆలంకారికుల తీర్పులన్నీ రచనను చూసి ఇచ్చినవి. విప్పినవాడు ఏమన్నాడో నమోదు చేసే పూనిక వారిలో కనిపించదు. ఆ నమోదు దినపత్రికల కాలంలో సాధ్యమైంది. గళ్ళనుడికట్టు రోజూ అచ్చవుతుంది. వేలాదిమంది ఒకే ముడిని ఒకే రోజు విప్పుతారు. నచ్చకపోతే సంపాదకుడికి ఉత్తరం రాస్తారు, ఫోను చేస్తారు. పత్రిక సమాధానం చెప్పుకోవలసి వస్తుంది, ఒక్కోసారి క్షమాపణ కూడా. ఇలా గళ్ళు నింపేవారిని ప్రస్తుత వ్యాసం 'పూరకులు' అని, గళ్ళు కూర్చేవారిని 'కూర్పరులు' అని వ్యవహరిస్తుంది. సమస్యాపూరణ సంప్రదాయం గల భాషలో ఈ మాటలకు వేరే వివరణ అక్కరలేదు. పూరకుల స్పందనను ఆధారం చేసుకుని చూస్తే విశ్వనాథుని తీర్పు ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. తట్టకపోవడం, తట్టడానికి వీలులేకపోవడం

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన వజ్రాకారపు గళ్ళతో ఈ ప్రక్రియ దినపత్రికలోకి వచ్చింది. 1924లో దీన్ని కాలహరణమని ఈసడించిన న్యూయార్క్ టైమ్స్ 1942 ఫిబ్రవరి 15న తానే మొదలుపెట్టింది. అమెరికాలో ఆధారం ఎక్కువగా అర్థసూచనగానే నిలిచిపోగా, బ్రిటన్‌లో అది రెండు ముఖాలున్న వాక్యంగా మారింది. ఒక ముఖం అర్థాన్ని చెబుతుంది, రెండోది అక్షరాలతో ఆడుతుంది. పైకి మాత్రం మూడో విషయమేదో చెబుతున్నట్లు ఉంటుంది. అబ్జర్వర్ పత్రికలో ఈ పద్ధతికి పేరు తెచ్చిన కూర్పరులు టార్క్వెమాడా, క్సిమెనిస్ అన్న మారుపేర్లు పెట్టుకున్నారు. రెండూ స్పెయిన్ మతవిచారణాధికారుల పేర్లు. చిత్రహింసలకు పేరుమోసినవారి పేర్లతో వచ్చే గళ్ళను ప్రతి ఆదివారం ఇష్టపడి నింపిన పాఠకుల ఓర్పు మెచ్చదగినదే.

క్సిమెనిస్ 1966లో ఈ కళను గురించి పుస్తకం రాస్తూ, ఆధారంలో నిర్వచనం, దానికి తోడు అక్షరక్రీడ తప్ప అదనపు మాట ఒక్కటీ ఉండరాదని నియమించాడు. అంతకుముందే అఫ్రిట్ అనే కూర్పరి 1949లో మరో సూత్రం చెప్పాడు. కూర్పరి పాఠకుణ్ణి దారి తప్పించవచ్చు, కాని అతడు రాసిన మాటలను యథాతథంగా తీసుకుంటే అవి నిజం కావాలి. ఈ సూత్రాల సారం ఒకే మాటలో 'న్యాయం'. ఆధారం న్యాయంగా ఉందా లేదా అన్నదే అప్పటినుంచి పూరకుల ప్రధాన వివాదం.

ఈ వివాదం అనుకున్నంత కొత్తది కాదు. దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో పదహారు ప్రహేళికలను లక్షణ సహితంగా వివరించాడు. సంధి చేత అర్థం మరుగయ్యేది సమాగత. వేరొక అర్థంలో రూఢమైన మాటతో మోసగించేది వంచిత. పదాల వరుస దూరదూరంగా చెదిరినది వ్యుత్క్రాంత. బ్రిటిష్ కూర్పరి పనిముట్లలో ఈ మూడింటికీ దగ్గరి బంధువులున్నాయి. అయితే దండి ఆ తర్వాత చెప్పిన మాటే ఇక్కడ ముఖ్యం. పూర్వాచార్యులు ఇవిగాక మరో పద్నాలుగు దుష్టప్రహేళికలను కూడా చెప్పారనీ, దోషాలు లెక్కలేనన్ని కాబట్టి తాను మంచివాటినే వివరిస్తాననీ ఆయన విడిచిపెట్టాడు. ఏది దుష్టం అన్న ప్రశ్న అక్కడ తెరిచే ఉంది. ఆ ఖాళీని నింపగల సామగ్రి పూరకుల ఫిర్యాదులలో దొరుకుతుంది.

ఒక తెలుగు ఉదాహరణతో దీన్ని పరీక్షించవచ్చు. 'తిరగేసిన కలప మీద ఓనమాలు (3)' అన్న ఆధారానికి సమాధానం 'పలక'. కలపను వెనకనుంచి చదివితే పలక అవుతుంది. ఓనమాలు దిద్దేది దానిమీదే. ఇది తట్టని పూరకుడు మరునాడు సమాధానం చూసి నాలుక కరుచుకుంటాడే గాని కూర్పరిని తప్పుపట్టడు. ఇదే పదాన్ని 'వడ్రంగి సరుకు, బడిపిల్లవాడి సరుకు – ఒకటి తిరగబడితే మరొకటి (3)' అని అడిగితే పరిస్థితి మారుతుంది. సమాధానం కలపా, పలకా? పూరకుడికి రెండు మాటలూ తెలుసు, కిటుకు కూడా తెలిసిపోయింది. అయినా నిర్ణయించలేడు. ఆ పదాన్ని ఖండించే మరో పదం నడిమి గడిలోనే ఉంటే 'ల' రెండింటికీ సరిపోతుంది కాబట్టి అదీ ఆదుకోదు. మొదటిచోట పూరకుడు 'తట్టలేదు' అంటాడు. రెండోచోట 'తట్టడానికి వీలే లేదు' అంటాడు. రెండూ వినడానికి ఒకే అసంతృప్తిలా ఉంటాయి. మొదటిది స్వీయనింద, రెండోది విమర్శ.

భామహుని ఎత్తిపొడుపు ఈ తేడాను పట్టించుకోలేదు. వ్యాఖ్యానం ఉంటే తప్ప తెలియనిదీ, తెలిసిన తర్వాత వ్యాఖ్యానం అక్కరలేకపోయిందని అనిపించేదీ ఒకటి కావు.

తెలుగులో మరో రకమైన న్యాయప్రశ్న ఉంది. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళనుడికట్లు కూర్చిన నాటినుంచి మన గడిలో ఉండేది వర్ణం కాదు, గుణింతంతో, ఒత్తుతో కూడిన అక్షరం. ఇంగ్లీషులో ఆరు గళ్ళు పట్టే మాట స్థాయి తెలుగులో రెండు మూడు గళ్ళకే తేలిపోతుంది. 'స్త్రీ' ఒక్క గడి. ఖండించే పదం నుంచి ఒక అక్షరం దొరికితే హల్లు, అచ్చు రెండూ చేతికందుతాయి గనుక పూరకుడికి లాభం. అటూ ఇటూ సరిపోయే పదాలు దొరకక కూర్పరికి కష్టం. ఆ కష్టంలో అతడు గ్రాంథిక రూపాలను ఆశ్రయిస్తాడు. 'మంచం' రెండు గళ్ళు, 'మంచము' మూడు. ఆధారంలో గ్రాంథిక వాసన ఏమీ లేకుండా మూడు గళ్ళు చూపిస్తే, వ్యావహారికంలో ఆలోచించే పూరకుడు ఆ మంచం దగ్గరే ఆగిపోతాడు. భాషా వివాదం ముగిసి దశాబ్దాలు గడిచినా, గడి అవసరం కోసం 'ము'వర్ణకం నేటికీ తిరిగి వస్తూనే ఉంది. దాన్ని అన్యాయమనే పూరకుడు తనకు తెలియకుండానే ఆనాటి వ్యావహారికవాదుల పక్షాన నిలుస్తున్నాడు. అయితే ఆధారంలో ఒక్క గ్రాంథిక క్రియ ఉన్నా ఆ అభ్యంతరం నిలవదు. రచనా శైలే సూచన అవుతుంది.

3. ఒకే గడిలో రెండు నిజాలు

1996 నవంబరు 5, అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజు. ఆనాటి న్యూయార్క్ టైమ్స్ గళ్ళనుడికట్టును జెరెమియా ఫారెల్ కూర్చాడు. మధ్య వరుస ఆధారం 'రేపటి పత్రికలో ప్రధాన వార్త' అన్న అర్థంలో ఉంది. పక్కనున్న మాట 'ఎన్నిక'కు సంబంధించినది. ఏడు గళ్ళలో క్లింటన్ అని రాయవచ్చు, బాబ్ డోల్ అని రాసినా సరిపోతుంది. రెండు పేర్లకూ ఇంగ్లీషులో ఏడేసి అక్షరాలు. వాటిని ఖండించే ఏడు నిలువు ఆధారాలూ రెండేసి సమాధానాలకు ఒప్పుతాయి. హాలోవీన్ నాటి నల్లని జంతువు పిల్లి కావచ్చు, గబ్బిలం కావచ్చు. ఆ రెండు ఇంగ్లీషు మాటలకు తేడా తొలి అక్షరమే.

పత్రికకు ఫోన్లు వెల్లువెత్తాయని సంపాదకుడు విల్ షార్ట్జ్ చెప్పాడు. క్లింటన్ పేరు నింపినవారు ఓట్లు లెక్కించకముందే పత్రిక ఫలితం ప్రకటించిందని మండిపడ్డారు. డోల్ పేరు నింపినవారు పత్రిక పొరబడిందనుకున్నారు. రాఘవపాండవీయం చదివే తెలుగు పాఠకుడికి ఇది విచిత్రంగా తోస్తుంది. పింగళి సూరన పద్యంలో రామకథ, భారతకథ రెండూ ఉన్నాయని పాఠకుడికి ముందే తెలుసు. రెంటినీ చూడటమే అక్కడి ఆనందం. ఇక్కడ ఒక్కో పూరకుడు ఒక్క అర్థాన్నే చూశాడు. పైగా ఖండించే ఏడు పదాలూ ఏడు సాక్ష్యాలై అతని అర్థాన్నే బలపరిచాయి. తన చేతితో రాసినదాన్ని పత్రిక రాసిందనుకుని పత్రికను నిందించాడు.

ఇది శ్లేషకావ్య చర్చకు కొత్త అంశాన్ని చేర్చే స్పందన. రెండో అర్థం ఉందని తెలియనివాడికి శ్లేష లేదు. ఏకార్థమే ఉంది, అదీ అచంచలంగా. అందువల్ల శ్లేషను పద్యధర్మంగా మాత్రమే చెప్పడం చాలదు, పాఠకుడి ఎరుకను కూడా లక్షణంలో చేర్చుకోవలసి ఉంటుంది. పై ఉదాహరణలో 'కలప–పలక' సందిగ్ధత దోషమైతే ఇది ఎందుకు కాదన్న ప్రశ్న సహజం. రెండు జవాబులూ సంపూర్ణంగా సరిపోయేలా కూర్పరి పూనుకుని కట్టాడు. ఎవరు ఏది నింపినా తప్పు కాలేదు. అక్కడ సందిగ్ధత ఏమరుపాటు, ఇక్కడ నిర్మాణం.

4. న్యాయమైనా సమ్మతం కాని మాట

2019 జనవరి 1న అదే పత్రిక గళ్ళలో వచ్చిన ఒక మాటపై వేరే రకం ఆగ్రహం వెలువడింది. బేస్‌బాల్‌లో తలకు తగిలేలా విసిరిన బంతి అన్న అర్థంలో ఆధారమిచ్చారు. కాని ఆ మాట మెక్సికన్ మూలాలున్నవారిని కించపరిచే తిట్టు కూడా. షార్ట్జ్ క్షమాపణ చెప్పాడు. న్యాయం దృష్టితో చూస్తే ఆ ఆధారంలో లోపం లేదు; నిర్వచనం నిఘంటువుకు సరిపోతుంది. పూరకుల అభ్యంతరం గళ్ళ లోపలి నియమాలకు సంబంధించినది కాదు. ఉదయం కాఫీ తాగుతూ తన జాతిని తిట్టే మాటను తన చేతితోనే అక్షరం అక్షరంగా రాయవలసి రావడం ఆ పూరకుడి బాధ. మన లక్షణకర్తలు అశ్లీల దోషం చెప్పేటప్పుడు ఉద్దేశించని అర్థం స్ఫురించినా దోషమేనన్నారు. చదివేవాడికి స్ఫురించడమే వారికి చాలింది. ఇక్కడ పాఠకుడు చదివి ఊరుకోలేదు, రాశాడు కూడా. కూర్పరి ఉద్దేశం మంచిదే అన్న సమాధానం అందుకే నిలవదు.

5. అరాకేరియా

జాన్ గ్రాహమ్ ఇంగ్లండు చర్చి పురోహితుడు. 1958 నుంచి గార్డియన్ పత్రికకు గళ్ళు కూర్చాడు. ఆయన మారుపేరు అరాకేరియా. క్సిమెనిస్ నియమాలను ఆయన పట్టించుకున్నది తక్కువ. నియమవాదులు ఆయనను తప్పుపట్టినా, మిగిలినవారు మనసారా ప్రేమించారు.

2013 జనవరి 11న వచ్చిన ఆయన గళ్ళకు పైన ఒక చిన్న ప్రకటన ఉంది. అరాకేరియాకు 18 నిలువు ఉందనీ, అది 19లో ఉందనీ, దానికి 13, 15లతో చికిత్స జరుగుతోందనీ దాని భావం. వాక్యం నిండా అంకెలే. నామవాచకాలన్నీ గళ్ళలో దాగి ఉన్నాయి. పూరకుడు మామూలుగానే మొదలుపెట్టాడు. 18 నిలువుకు ఆధారం ఒక రాశినీ పెరుగుదలనూ సూచించే చమత్కారం. కర్కాటకమని తట్టింది. కర్కటవ్రణం అని తెలుగు వైద్యులు వాడిన మాటలోనూ ఆ ఎండ్రకాయే ఉంది. తర్వాత అన్నవాహిక, ఆపైన ఉపశమన చికిత్స. అన్నీ నిండేసరికి పైనున్న వాక్యం పూర్తయింది. ఆయనకు తొంభై దాటాయి. పూరకులు ఆయనకు సానుభూతి ఉత్తరాలు రాశారు. అదే ఏడాది నవంబరులో ఆయన మరణించాడు.

రసానికి ప్రహేళిక అడ్డన్న విశ్వనాథుని వాదానికి బలం ఆలస్యంలో ఉంది. అర్థం వెతుక్కునే పనిలో పడిన మనసు భావంలో మునగలేదన్నది ఆ వాదం. అరాకేరియా గళ్ళలో ఆలస్యమే సాధనమైంది. అదే విషయాన్ని పత్రిక ఒక వార్తగా వేస్తే పాఠకుడు చదివి అయ్యో అనుకునేవాడు. ఇక్కడ అతడు చమత్కారానికి నవ్వుకుంటూ ఒక్కో అక్షరం రాశాడు. తాను రాస్తున్నది ఒక మనిషి మరణవార్తకు ముందుమాటని మధ్యలో ఎక్కడో గ్రహించాడు. ఆ తర్వాత కూడా మిగిలిన గళ్ళు నింపవలసే వచ్చింది. నవ్వు ఆగిపోయినా పని ఆగలేదు.

దీన్ని కరుణరసమనడానికి అభినవగుప్తుని వైపునుంచి గట్టి అభ్యంతరం ఉంది. ఎరిగిన మనిషికి వచ్చిన జబ్బుకు కలిగే బాధ శోకమే గాని రసం కాదు. వ్యక్తిగతమైన సుఖదుఃఖాలకు వశం కావడాన్ని ఆయన రసవిఘ్నాలలో లెక్కపెట్టాడు. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చడం సాధ్యం కాదు. అయితే పూరకులలో చాలామంది గ్రాహమ్‌ను ఎన్నడూ చూడలేదు. వారెరిగినది అరాకేరియా అన్న పేరు, అయిదు దశాబ్దాల గళ్ళు. ఆ పరిచయం మనిషితో కాదు, ఒక రచనాశైలితో. ఆ శైలే తన అంతాన్ని తన పద్ధతిలో, ఎప్పటి చమత్కారంతోనే చెప్పింది. వచ్చిన స్పందన శుద్ధమైన రసం కాకపోవచ్చు. ఉక్తివైచిత్ర్యానికి కలిగే విస్మయం మాత్రం కచ్చితంగా కాదు. సాహిత్యదర్పణంలోని రెండు గదుల్లో దేనిలోనూ అది ఇమడదు.

గమనించవలసిన చిన్న విషయం ఇంకొకటి ఉంది. ప్రకటన గళ్ళ పైనే, అందరి కళ్ళముందే ఉంది. ఆ ఉదయం గళ్ళు సగంలో వదిలేసి పేజీ తిప్పిన పాఠకుడికి అందులో నాలుగు అంకెల ఖాళీలున్న ఒక వాక్యం తప్ప మరేమీ కనిపించలేదు.