పరిచయ మొక్కటే చాలునా? – వివక్షకు మూలమైన మనస్తత్వము

అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గార్డన్ ఆల్పోర్ట్ 1954లో ‘ది నేచర్ ఆఫ్ ప్రెజుడిస్’ అను గ్రంథమును ప్రకటించెను. వివక్షను గూర్చిన చర్చలకు అది నేటికిని ఆధారగ్రంథముగ నున్నది. మనుష్యుడు సాటి మనుష్యుని గుణమెరుగకయే ఏల హీనముగ చూచును? ఆ బుద్ధిని తగ్గించు మార్గమేది? ఈ రెండు ప్రశ్నలకు అందు సమాధానము కలదు. ప్రధానముగ అమెరికా సమాజమును చూచి వ్రాసిన ఆ సిద్ధాంతము, కామారెడ్డి జిల్లాలోని నస్రుల్లాబాద్ వంటి తెలుగు పల్లెపట్టున ఎంతవరకు నిలుచునో పరిశీలింపదగియున్నది.

దురభిప్రాయము దుష్టులకు మాత్రమే పుట్టునది కాదని ఆల్పోర్ట్ వాదము. మనస్సు తన శ్రమను తగ్గించుకొనుటకై లోకమును తరగతులుగ విభజించుకొనును. రైతు వడ్ల రాశిని చూచి, గింజ గింజను పరీక్షింపకయే, ఇది సన్నరకము, ఇది దొడ్డురకము అని తేల్చును. ఈ శక్తి లేనిదే జీవితము సాగదు. కాని మనుష్యులను గూడ ఇట్లే రాశులు పోసినపుడు చిక్కు వచ్చును. ఒకని గుణమును ఆతని నడవడి నుండి గాక, ఆతని కులము పేరు నుండి ఊహించుట మొదలగును.

ఈ విభజన ఎంత స్వల్ప కారణముచే పుట్టునో 1970 ప్రాంతమున హెన్రీ తాజ్‌ఫెల్ ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున చూపెను. ఇద్దరు చిత్రకారులలో ఎవరి చిత్రములు నచ్చినవను నెపముతో బాలురను రెండు జట్లుగ చేసి, ఇతరులకు సొమ్ము పంచుమనెను. జట్టులో తనతో నున్నదెవరో తెలియకున్నను, బాలురు తమ జట్టువారికే మొగ్గు చూపిరి. తమ జట్టుకు రాదగిన మొత్తము కొంత తగ్గినను సరే, ఎదుటి జట్టుకంటె ఎక్కువ వచ్చిన చాలునని పెక్కుమంది తలచిరి.

ఇక నివారణ మార్గము. భిన్న వర్గములవారు కలిసి మెలగిన దురభిప్రాయము తగ్గునని ఆల్పోర్ట్ సిద్ధాంతముగ ప్రచారములో నున్నది. ఆయన చెప్పినది అంత మాత్రమే కాదు. ఇరువురికి సమాన స్థాయి, ఒకే లక్ష్యము, పరస్పర సహకారము, అధికారుల లేక చట్టముల అండ – ఈ నాలుగు నియమములు కుదిరినపుడే సంపర్కము ఫలించునని ఆయన వాదించెను. నియమములను మరచి సంపర్కము నొక్కదానినే పట్టుకొనుట పాఠకుల పొరపాటు.

తెలుగు పల్లెలే అందుకు సాక్ష్యము. వరినాట్లలోను కోతలలోను దళితులు, ఇతర కులములవారు తరతరములుగ ఒకే మడిలో దిగిరి. అయినను అనేక గ్రామములలో హోటళ్ల యందు రెండు గ్లాసుల పద్ధతి సాగినది. పరిచయమునకు లోటు లేదు; లోపించినది సమానత్వము. ఒకడు కూలి, మరొకడు ఆసామి అయినచోట ప్రతిదిన సంపర్కము పాత అభిప్రాయమునే గట్టిపరచును. సహపంక్తి భోజనములు మాత్రమే కులమును తొలగింపజాలవని డాక్టర్ అంబేద్కర్ 1936లోనే వాదించెను.

గ్రంథమున మెచ్చదగిన మరొక అంశమును ఈ జిల్లా ఉదాహరణముతోనే గ్రహింపవచ్చును. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని, గిరిజన వ్యవసాయ కూలీల కుమార్తె మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లయినను నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నెక్కెను. ఇట్టి వార్త విన్నవాడు తన అభిప్రాయమును మార్చుకొనవలెను గదా? పలువురు మార్చుకొనరు. “ఆ బాలిక వేరు” అని ఆమెను మినహాయించి, తక్కినవారిని యథాస్థానమున నుంచుదురు. ఆల్పోర్ట్ దీనిని తిరిగి కంచె వేసికొనుటగ వర్ణించెను. కావున ఒక్కరి విజయమును పొగడుట మాత్రమే వివక్షకు మందు కాదు.

గ్రంథమున లోపములును లేకపోలేదు. ద్వేషించువాని మనస్సుపై చూపిన శ్రద్ధతో పోల్చిన, ద్వేషమునకు గురియైనవాని మనస్సుపై చూపినది తక్కువ. ఈ లోటును కొంత పూరించినది హాఫ్, పాండే అనువారు 2006లో ప్రకటించిన పరిశోధన. ఉత్తర ప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల బాలురకు వారు చిక్కుదారుల పటములిచ్చిరి. కులము ప్రస్తావింపనపుడు దళిత బాలురు ఇతరులతో సమానముగ సాధించిరి. అందరి యెదుట కులమును ప్రకటించినపుడు వెనుకబడిరి. పిలుపు మారినంతనే బాలుని సామర్థ్యము తగ్గినట్లు కనబడినది.

2012లో ప్రచురితమైన హన్నా, లిండెన్ పరిశోధన మరింత ఆలోచింపజేయును. జవాబు పత్రములపై కులమును కల్పించి వ్రాసి ఉపాధ్యాయులచే దిద్దించగా, తక్కువగ ఎంచబడు కులము పేరున్న పత్రములకు స్వల్పముగ తక్కువ మార్కులు వచ్చినవి. అట్లు తగ్గించినవారు ప్రధానముగ ఆ కులములకు చెందిన ఉపాధ్యాయులే. తన జట్టుపై మమకారము, పరులపై ద్వేషము అను వివరణ ఇచట చాలదు. సమాజము వేసిన వెలను, దానిచే నష్టపోవువాడు గూడ నమ్మునని తెలియుచున్నది.

నియమములు కుదిరిన సంపర్కమెట్లుండునో ఉత్తర ప్రదేశ్ గ్రామములలో జరిగిన క్రికెట్ ప్రయోగము చూపెను. 2021లో వెలువడిన దాని ఫలితముల ప్రకారము, భిన్న కులముల యువకులు ఒకే జట్టున ఆడినచోట కులాంతర స్నేహములు పెరిగినవి. ప్రత్యర్థులుగ ఎదుర్కొన్నచోట ఫలితము చాలవరకు విపరీతమయ్యెను.

తెలంగాణ గ్రామములలో అధికారులు పౌరహక్కుల దినము జరిపి చట్టమును వివరించుచున్నారు. ఇది నాలుగవ నియమము, అవసరమైనదే. తక్కిన మూడు నియమములు పాఠశాలలో ఉపాధ్యాయుని చేతిలో నున్నవి. జవాబు పత్రములపై పేరు బదులు సంఖ్య నుంచవచ్చును. ప్రయోగశాల జట్లను, భోజనపు వరుసలను హాజరుపట్టీ క్రమమున కలుపవచ్చును. తరగతి ఊడ్చుట, నీరు తెచ్చుట, తాళపుచెవులు దాచుట అందరికి వంతులవారీగ అప్పగింపవచ్చును. స్కాలర్‌షిప్ వివరములకై తరగతిలో కులము పేరు పిలుచుట మానవచ్చును. “అందరును సమానులే” అను వాక్యమును బాలురు పుస్తకమున చదువుదురు. చీపురు ఎవరి చేతి కిచ్చిరో ప్రతిదినము చూతురు.